నూట పది దాటని గుండె

పొద్దున్న ఆరింటికి డ్రిల్లు మాస్టారు బూట్లు తొడుక్కుంటుంటే కూతురు ఆయన చేతికి వాచీ బిగించింది. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో అది ఆమె ఫోనులో చూపిస్తుంది. మూడు నెలల కిందట గుండెపోటు నుంచి బయటపడ్డ మనిషి ఆయన. రోజూ నడిపించే పని కూతురే మీద వేసుకుంది. కళ్ళజోళ్ళ షాపులో ఆమె ఉద్యోగం పదింటికి గాని మొదలవదు.

"కూతురంటే అలా ఉండాలి" అన్నారు ఇరుగుపొరుగు. వాళ్ళకేం తెలుసు!

చిన్నప్పుడు ఆమె ఆయన బడిలోనే చదివింది. నాలుగడుగులు పరిగెడితే ఆయాసం, ఛాతీలో పిల్లికూతలు. "అన్నీ సాకులే" అనేవాడాయన. తోటిపిల్లలందరి ముందూ 'నత్త' అని పేరు పెట్టాడు. బడి వదిలేదాకా ఆ పేరు ఆమెను వదల్లేదు. అది ఉబ్బసమని తర్వాత తేలినా ఆయన నోట ఒక్క మంచిమాట రాలేదు. ఇరవై ఆరేళ్ళుగా ఆమె ఆ కసిని కడుపులో పెట్టుకుని పెంచింది. ఓడలు బళ్ళయ్యే రోజు ఇన్నాళ్ళకు వచ్చింది.

పార్కులో ఆమె దర్జాగా బెంచీ మీద కూర్చుంది. ఆయన చుట్లు తిరుగుతున్నాడు.

"ఎంతుందమ్మా?"

"ఎనభై ఎనిమిది. రెండువందల ఇరవైలోంచి నీ అరవైనాలుగేళ్ళు తీసేసి, అందులో నూటికి డెబ్బై వంతులు. అంటే నూట పదికి రావాలి. నువ్వు అసలు నడుస్తున్నావా, షికారు చేస్తున్నావా?"

ఆయన అడుగు పెంచాడు. ఎనభై తొమ్మిది. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది.

"కాసేపు కూర్చోనా?"

"సాకులు చెప్పకు నాన్నా. గడియారం అబద్ధం చెప్పదు" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమెకు నిజంగానే కడుపు చల్లబడింది. మొహం పాలిపోయి ఆయన మళ్ళీ కదిలాడు.

మాత్ర మర్చిపోయాడని తెచ్చిన తల్లి అది చూసి గేటు దగ్గరే కేకేసింది.

"ఏం చేస్తున్నావే ఆయన్ని? పెదాలు నల్లబడ్డాయి, కనబడటం లేదూ?"

"తొంభై కూడా దాటలేదమ్మా. అంతా నాటకం!"

"దాటదే! రోజూ వేసుకునే ఈ మాత్ర గుండె వేగాన్ని పెరగనివ్వదు, ఒక పూట తప్పినా దాని పని ఆగదు. ఆ అంకె చూసి నడిపించొద్దని ఆస్పత్రి నుంచి పంపేరోజు నర్సు మరీమరీ చెప్పింది. మాట్లాడుతూ నడవగలిగినంతే నడవాలట. మాట తెగితే ఆగిపోవాలట. నువ్వు ఆ రోజు షాపులో ఉన్నావు. అడిగావా నన్నొక్కసారైనా?"

ఆమె పరుగున వెళ్ళింది. తండ్రిని బెంచీ మీద కూర్చోబెట్టి మణికట్టు పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా, చెమటగా ఉంది.

"నీకు తెలుసా ఈ సంగతి?"

"తెలుసు."

"మరెందుకు చెప్పలేదు?"

"సాకంటావు." ఆయన ఊపిరి కూడగట్టుకున్నాడు. "నీ మాట నేనెప్పుడైనా విన్నానా, నువ్వు నా మాట వినడానికి? కసి తీరేదాకా తీర్చుకోనీ అనుకున్నాను."

"పోతే?" అని అరిచింది. "నువ్వు పోతే నేనెవరి మీద తీర్చుకోవాలి?" అంటూనే ఆయన మోకాళ్ళ మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. పగ తీరితే హాయిగా ఉంటుందని ఇన్నేళ్ళూ నమ్మింది. ఆ చెయ్యి పట్టుకున్నప్పట్నుంచి భయం తప్ప ఏమీ మిగల్లేదు.

ముగ్గురూ అట్నుంచి అటే ఆస్పత్రికి వెళ్ళారు. డాక్టరు పరీక్షలు చేసి, ప్రమాదం లేదని చెప్పి, కూతుర్ని బాగా చీవాట్లు పెట్టి, వారం విశ్రాంతి రాశాడు.

వారం తర్వాత ఆమె ఆయన పక్కన నడిచింది. వాచీ తేలేదు.

"మాట్లాడు నాన్నా."

"ఏం మాట్లాడను?" జీవితమంతా ఆజ్ఞలే ఇచ్చిన మనిషికి కబుర్లు చేతకావు. కొంతదూరం పోయాక నెమ్మదిగా మొదలుపెట్టాడు. "మైదానంలో నువ్వు పడిపోయిన రోజు గుర్తుందా? నిన్నెత్తుకుని ఆస్పత్రిదాకా పరిగెత్తాను. ఉబ్బసమని డాక్టరు అప్పుడే చెప్పాడు. తప్పు నాదేనని ఆ రోజే తెలుసు. నీతో చెప్పడానికి నాకు..."

మాట తెగింది.

ఆమె ఆగి ఆయన మొహంలోకి చూసింది. ఆయాసం లేదు. కళ్ళనిండా నీళ్ళున్నాయి.

"తొందరేం లేదు నాన్నా. నెమ్మదిగా చెప్పు" అంది నత్త, ఆయన చెయ్యి పట్టుకుని.