మాస్టారి గదిలో నీలి వెలుగు

ఆ మెట్లు దిగొద్దనేవాళ్ళు. పగలైతే ఫర్వాలేదు, పొద్దుగూకాక మాత్రం వద్దు.

ఒక పాత భవనం. దాని అడుగున, నేల కింద ఒక వరస కొట్లు. దర్జీ, తాళాలు చేసేవాడు, జిరాక్స్ తీసేవాడు, చిట్టచివర కంప్యూటర్లు బాగుచేసే షాపు. ఆ షాపు వెనకాల ఇంకో చిన్న గది ఉంది. చెడ్డ పేరు ఆ గదిది. అందరూ కొట్లు కట్టేసి వెళ్ళిపోయాక, జాలీ షట్టరు లోంచి తొంగి చూస్తే... ఆ గది తలుపు కింద సన్నగా నీలి వెలుగు. లోపల ఏదో గుయ్‌మని తిరుగుతున్న చప్పుడు.

గదికి తాళం. లోపల మనిషి లేడు. ఉండాల్సిన మనిషి పోయి ఏడాది కావస్తోంది.

ఇది నేను కళ్ళారా చూసింది కాదు, విన్నదే. కానీ చెప్పినవాళ్ళు గాలికబుర్లు చెప్పే రకం కాదు. చెబుతూ చెబుతూ ఒకచోట ఆగిపోయి, మంచినీళ్ళు తాగి గానీ మళ్ళీ మొదలుపెట్టలేదు.

పోయినాయన్ని అందరూ మాస్టారు అనేవాళ్ళు. మాట మెత్తన, చెయ్యి నెమ్మది. ఆయన షాపులో ఒక పద్ధతుండేది. దుమ్ము ఎవరు దులిపినా, వైరస్ ఎవరు తీసినా, బాగైన మిషన్ని ఇచ్చేసే ముందు ఒక పూట వెనక గదిలో ఆయన దగ్గర ఉంచాల్సిందే. తలుపు వేసుకుని ఒక్కడే చూసేవాడు. "చివరి చెయ్యి నాది," అనేవాడు. ఆ చెయ్యి పడ్డాక ఇంకెవరూ దాన్ని విప్పకూడదు. జనానికి కూడా అదో గురి. మాస్టారి చెయ్యి పడితే ఆ మిషనుకి ఇంక చావు లేదు అని చెప్పుకునేవాళ్ళు.

ఆయన దగ్గర పని నేర్చుకున్న మనిషే రిపేరు అక్క. కట్టుకున్నవాడు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతే, చంకలో పిల్లతో ఆ మెట్లు దిగి వచ్చింది. మాస్టారు పని నేర్పాడు. మాస్టారి భార్య ఆకలి చూసింది. ఆవిణ్ణి పిన్నీ అని పిలిచేది అక్క. పిల్ల నిద్రపోయాక ఇంట్లో కూర్చుని కూడా పని చేసుకోవచ్చని, మాస్టారు ఒక ల్యాప్‌టాప్ బాగుచేసి, చివరి చెయ్యి వేసి మరీ ఇచ్చాడు. ఆయన పోయాక షాపు తాళాలు తెచ్చి ఈమె చేతిలో పెట్టింది పిన్నే.

"ఆ వెనక గది ఒక్కటీ అలాగే ఉంచు తల్లీ," అంది పిన్ని. "ఆయన కుర్చీ, ఆయన మిషనూ కదపకు. కరెంటు తియ్యకు, నెట్టు తియ్యకు. ఆయన ఇంకా అక్కడే కూర్చున్నట్టుంటుంది నాకు."

ఆ మాటకి ఎవరు మాత్రం కాదంటారు? అక్క గదికి తాళం వేసి, తాళంచెవి మేకుకి తగిలించింది. మళ్ళీ దాని జోలికి పోలేదు.

అక్క నోరు మంచిదే గానీ, పని విషయంలో గయ్యాళి. పాస్‌వర్డు కాగితం మీద రాసి తెరకి అంటించుకున్న జిరాక్స్ అతన్ని పట్టుకుని వాయించేసింది. "తాళంచెవి గుమ్మానికే వేలాడదీసి, దొంగలు పడ్డారని ఏడిస్తే ఎలాగయ్యా?" కొత్తగా ఎవరి మిషను వచ్చినా లోపల ఏముందో మొత్తం తిరగేసి చూసేది. ఒక్క తన ల్యాప్‌టాప్ మాత్రం ఏనాడూ తిరగేయలేదు. గురువు చెయ్యి మీద చెయ్యి వెయ్యడమా? తప్పు కదూ.

అలా ఉండగా... వెలుగు మొదలైంది.

మొదట చూసింది కాపలా తాత. తర్వాత దర్జీ. ఆ తర్వాత చూడనివాళ్ళు కూడా చూశామన్నారు. మాస్టారు గది వదల్లేదట, రాత్రిపూట కూర్చుని పని చేసుకుంటున్నాడట. దెయ్యం ముట్టుకున్న మిషన్లు మాకెందుకని జనం రావడం తగ్గించారు. నెలాఖరులోగా ఈ గోల తేల్చు, లేకపోతే ఖాళీ చెయ్యమ్మా అన్నాడు భవనం ఆసామి.

షాపు పోతే పూట గడవదు. అది నిజమే. కానీ అక్కకి అంతకంటే ఎక్కువ మండింది వేరే. మాస్టార్ని దెయ్యం అనడమా!

"ఆయన బతికుండగా చీమకి హాని చెయ్యలేదు," అని దర్జీ మీద విరుచుకుపడింది. "పోయాక చేస్తాడా?"

"నేనేమన్నానమ్మా... వెలుగైతే ఉంది కదా," అన్నాడు దర్జీ, గొంతు తగ్గించి.

ఆ రాత్రి పిల్లని తన నాన్నకి అప్పగించి, అక్క షాపులోనే ఉండిపోయింది. నాన్నకి చెవులు సరిగా వినపడవు, అయినా పిల్లంటే ప్రాణం. మేకు మీది తాళంచెవి తీసి, వెనక గది తెరిచింది. మాస్టారి కుర్చీలో కూర్చోవడానికి మనసొప్పక, కింద ఒక ఖాళీ డబ్బా మీద కూర్చుంది.

భయం లేదా అంటే... ఉంది. కానీ లోపల ఎక్కడో ఒక ఆశ కూడా ఉంది. ఆయనే అయితే బాగుండును. ఒక్కసారి కనపడితే బాగుండును. షాపు పడకుండా నిలబెట్టాను మాస్టారూ అని చెప్పుకోవాలి.

కొట్లన్నీ మూతపడ్డాయి. తాత దగ్గు పైకి వెళ్ళి ఆగిపోయింది. ఎక్కడో నీటిచుక్క పడుతోంది. తర్వాత అదీ లేదు...

ఉన్నట్టుండి గుయ్‌మంది.

ఎవరూ ముట్టుకోలేదు... మిషను తనంతట తనే లేచింది. తెర వెలిగింది. గదంతా నీలం.

అక్క ఒక్క నిమిషం ఊపిరి బిగబట్టి, అంతలోనే నవ్వేసింది. ఫలానా వేళకి దానంతట అదే లేచేలా మిషన్లో పెట్టుకోవచ్చు. ఎంతమందికి తను పెట్టివ్వలేదు! మాస్టారు ఎప్పుడో పెట్టుకుని ఉంటాడు. ఆయన పోయినా అది మానలేదు, అంతే. ఇంతోటి దానికి ఊరంతా గోల. పొద్దున్నే దర్జీ చెవి మెలెయ్యాలి అనుకుంది.

అప్పుడు... తెర మీద బాణం గుర్తు కదిలింది.

మౌసు బల్ల మీద ఉంది. అక్క చేతులు ఒళ్ళో ఉన్నాయి. బాణం నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా, తెలిసిన దారిన పోతున్నట్టు ఒక మూలకి పోయింది.

"మాస్టారూ..." అంది అక్క.

బాణం ఆగలేదు. ఏదో తెరిచింది. తెర నిండా చిన్న చిన్న గళ్ళు పరుచుకున్నాయి. కొన్ని నల్లగా, కొన్ని వెలుగుతూ. ఒక గడిలో డాక్టరుగారి గది, ఖాళీ కుర్చీ. ఒక గడిలో ఎవరిదో వంటగది. ఇంకో గడిలో మంచం... మంచం మీద కొత్తగా పెళ్ళయిన జంట. కిందటేడు వాళ్ళ కంప్యూటర్ దుమ్ము దులిపింది అక్కే. కెమెరా పక్కన చిన్న దీపం వెలగట్లేదేమిటని ఆ అమ్మాయి అడిగితే, కాలిపోయిందిలే, పనికి అడ్డం లేదు అని చెప్పి పంపింది కూడా అక్కే. మాస్టారు తనకి చెప్పిందే ఆమెకీ చెప్పింది.

అన్నీ ఈ షాపు మిషన్లే. అన్నీ ఆయన చివరి చెయ్యి పడ్డవే.

బాణం కిందికి దిగింది. ఒక గడి మీద నిలిచింది. నొక్కింది. ఆ గడి పెరిగి పెరిగి తెరంతా అయింది.

అది అక్క ఇల్లు. ఆమె పడుకునే గది. మూల చిన్న దీపం, చీకటంటే పిల్లకి భయమని పెట్టింది. పిల్ల నిద్రపోతోంది. కుర్చీలో నాన్న కునుకుతున్నాడు. ఈ మూల నుంచి, ఈ ఎత్తు నుంచి చూపించేది ఆ ల్యాప్‌టాప్ ఒక్కటే.

ఆ గదిలో తను ఎన్ని రాత్రులు గోడకి తిరిగి ఏడ్చింది! ఎన్నిసార్లు బట్టలు మార్చుకుంది! పొద్దున షాపుకి వస్తే, "రాత్రి నిద్రపోయినట్టు లేదే తల్లీ," అనేవాడు మాస్టారు. నా మొహం చూసి పట్టేశాడే, కన్నతండ్రి కూడా ఇలా కనిపెట్టడు అని పొంగిపోయేది. మొహం చూసి కాదు. కంచే చేను మేస్తే ఇంక ఎవరితో చెప్పుకోవాలి? ఆయన ఫోటోకి రోజూ దణ్ణం పెట్టిన చేతుల్ని చూసుకుంటే ఆమెకి అసహ్యం వేసింది. ఏడుపు కూడా రాలేదు.

బాణం ఇంకా పిల్ల మీదే ఉంది.

అంతలో అక్కలోని రిపేరు మనిషి మేలుకుంది. చచ్చినవాడు బాణం కదపడు. కదిపినా వాడికి నెట్టుతో పనేమిటి? వంగి, బల్ల కింద చెయ్యి పెట్టి, నెట్టు వైరు పట్టుకుని ఒక్క లాగు లాగింది.

బొమ్మ నల్లబడింది. బాణం ఉన్నచోటే ఆగిపోయింది.

అంటే దెయ్యం కాదు. బతికున్న మనిషే, ఎక్కడో కూర్చుని ఈ మిషన్ని ఆడిస్తున్నాడు. ఎవడు వాడు?

చీకట్లో ఫోను మోగింది. అక్క ఎగిరిపడింది. చూస్తే పిన్ని.

ఆ పేరు చూడగానే, అంతసేపూ రాని ఏడుపు తన్నుకొచ్చింది. పాపం, ఈ మహాతల్లికి ఏమని చెప్పను? నీ మొగుడు ఇలాంటివాడని ఏ నోటితో చెప్పను? ఏమైనా సరే, చెప్పకూడదనుకుంది. కళ్ళు తుడుచుకుని ఫోనెత్తింది.

"పిన్నీ... ఇంకా పడుకోలేదా?"

"ఎక్కడ పడుకుంటానే. షాపులో ఉన్నావా తల్లీ?"

"ఆఁ... కొంచెం పనుండి."

"అదే అనుకున్నా. వెనక గదిలో వైరేదో ఊడినట్టుంది, చూడు. బొమ్మ ఆగిపోయింది."

అక్క చేతిలో వైరు అలాగే ఉంది.

"మీ మాస్టారూ నేనూ రోజూ కలిసి చూసేవాళ్ళం," అంది పిన్ని. ఎప్పటి మెత్తని గొంతే, జోకొడుతున్నట్టు. "పిల్లాజెల్లా లేనివాళ్ళం, మాకు మీరందరే కదా. ఇంట్లోంచే చూసుకునేలా అన్నీ నేర్పి పోయాడు మహానుభావుడు. నువ్వేడ్చిన రాత్రులు నీతోపాటు నేనూ ఏడ్చాను తల్లీ, నీకు తెలీదు గానీ..."

"పిన్నీ..."

"తర్వాత మాట్లాడుకుందాంలే. ముందు ఆ వైరు పెట్టు. పిల్ల దుప్పటి తన్నేసింది, మీ నాన్న చూస్తే కునికిపాట్లు పడుతున్నాడు. దాన్ని కనిపెట్టుకుని ఒకళ్ళుండాలి కదే!"