సొంతబుద్ధి సున్నా

ఆ కాలంలో కుక్కను చూసి ఏ జాతి అని ఎవరూ అడిగేవారు కాదు. ఎవరు కూర్పించుకున్నారు, ఏమేం గుణాలు పెట్టించారు అని అడిగేవారు. లాబ్రడార్లూ పామరేనియన్లూ పాత ఫొటోల్లో మిగిలాయి. కాకినాడ బీచి రోడ్డు మీద పొద్దున్నే షికారు చేసే కుక్కల్లో ఏ రెండూ ఒక్కలా ఉండేవి కావు. ప్రతిదీ తన యజమాని కోరికకు నాలుగు కాళ్లు మొలిచినట్టు ఉండేది.

దీనంతటికీ కారణం స్వభావ కూర్పరి అనే యంత్రం. అడిగిన గుణాలను జీన్ ఎడిటింగ్‌తో పిండం దశలోనే అమర్చి, కృత్రిమ గర్భంలో పెంచి, కుక్కపిల్లను చేతిలో పెడుతుంది. పిల్ల గర్భంలో ఉండగానే యజమాని గొంతు వినిపిస్తారు. దాన్ని గొంతుముద్ర అంటారు. పుట్టాక ఆ గొంతు చెప్పిందే దానికి ఆజ్ఞ. వేరేవాళ్లు అరిచి గీపెట్టినా చెవికెక్కదు. కుక్కతోక వంకర అని మనవాళ్లు ఎన్ని తరాలుగా అనుకున్నారో గానీ, ఆ సామెతను ఈ యంత్రం అబద్ధం చేసి కూర్చుంది.

సుబోధ్ అడవి జంతువుల ఫొటోగ్రాఫర్. కోరంగి మడ అడవుల్లో, చేపలు పట్టి తినే అరుదైన నీటిపిల్లి కోసం ఏళ్ల తరబడి బురద తొక్కుతున్నాడు. భార్య విడిపోయి వెళ్లాక మనిషితో మాట్లాడటం క్రమంగా తగ్గిపోయింది. ఒకరోజు చాయ్ అడగబోతే గొంతు పెగల్లేదు. అప్పుడు భయం వేసింది, తోడుగా కుక్కయినా ఉండాలనిపించింది. కానీ ఫొటోలకు వెళ్లేవాడి కుక్కంటే మాటలా? అది మొరిగితే పిట్ట ఎగిరిపోతుంది, పరిగెడితే ఆ రోజు పని గంగలో కలుస్తుంది.

కూర్పు కేంద్రాన్ని నడిపే శాస్త్రవేత్త డాక్టర్ నీలవేణి అతన్ని యంత్రం ముందు కూర్చోబెట్టింది.

"పాత జాతుల పోలికల్లో ఏదైనా చూడమంటారా సుబోధ్ గారూ? నీళ్లంటే ఇష్టపడేవి ఉన్నాయి, ఓర్పుగా కూర్చునేవి ఉన్నాయి."

"పోలిక ఏదైనా పర్లేదండి. ఈత రావాలి, మొరక్కూడదు. ఉండమంటే ఉండాలి. నేను చాలు అనేదాకా లేవకూడదు."

యంత్రం కలగజేసుకుంది. దానిది నిదానమైన ఆడగొంతు. "అలాగైతే సొంతబుద్ధిని సున్నాకి దించాలి. దించే ముందు ఒక ప్రశ్న. ఇది నా మాట వినకపోయి ఉంటే బాగుండేదని మీరు అనుకునే రోజు ఎప్పుడైనా వస్తుందా?"

సుబోధ్ నవ్వేశాడు. "మాట విననివాళ్లు లోకం నిండా ఉన్నారు. అలాంటి రోజెందుకొస్తుంది?"

కొత్త బెల్లం రంగులో పిల్ల పుట్టింది. అదే పేరు పెట్టాడు. నావలో వెళ్లేటప్పుడు బెల్లం అతని పాదం మీద గడ్డం ఆనించి పడుకునేది. "ఉండు" అంటే రాయిలా కూర్చునేది, "చాలు" అంటే చెంగున లేచి ముఖమంతా నాకేసేది. ఎవరికీ చెప్పుకోని కబుర్లు దానికి చెప్పుకున్నాడు. చెప్పగా చెప్పగా అతని గొంతు మళ్లీ మనిషి గొంతయింది.

ఒకరోజు సముద్రం ఆటు మీద ఉండగా బురదమేట దగ్గర దిగాడు. గట్టు మీది మడచెట్టుకి దానంతటదే ఫొటోలు తీసే ఒక కెమెరా కట్టి, మేట మీద బెల్లాన్ని "ఉండు" అని కూర్చోబెట్టి, బురదలో నీటిపిల్లి అడుగుజాడలు పట్టుకుని పక్క పాయలోకి నావ నడిపాడు. అక్కడ కనబడింది నీటిపిల్లి! రెండు పిల్లలకు చేపలు పట్టడం నేర్పుతోంది. సుబోధ్‌కి ఒళ్లు తెలియలేదు, వేళ తెలియలేదు. నావ అడుగున బురద ఒరిపిడి ఆగి, నీళ్లు పైకి లేపుతుంటే అప్పుడు గుర్తొచ్చింది, పోటు వచ్చేసిందని.

ఎదురు ప్రవాహంలో గెడ వేసుకుంటూ అరిచాడు. "బెల్లం! చాలు! చాలు తల్లీ, చాలు!" సముద్రపు గాలి ఆ మాటను తెచ్చి మళ్లీ అతని ముఖానే కొట్టింది.

గట్టు దానికి నాలుగు గెంతుల దూరం. ఈత దానికి పుట్టుకతో వచ్చు. ఊళ్లో తిరిగే పాతకాలపు కుక్కయితే నీళ్లు కాళ్లకి తగలగానే విసుక్కుంటూ గట్టెక్కి ఒళ్లు విదిలించుకునేది. బెల్లం ఉండమన్నచోటే ఉండిపోయింది.

చెట్టుకున్న కెమెరా అంతా తీసింది. ఆఖరి ఫొటోలో నీళ్లు మూతి దాకా వచ్చాయి. కళ్లు అతను వెళ్లిన పాయవైపే ఉన్నాయి. వాటిలో భయం వెతికాడు సుబోధ్. భయం ఉన్నా ఇంత ఏడ్చేవాడు కాడు. ఇదిగో, వచ్చేస్తాడు అన్నట్టుంది ఆ చూపు.

నీటిపిల్లి ఫొటోలు చెరిపేశాడు. బెల్లం ఫొటో ఒక్కటే లోకం ముందు పెట్టి, కింద రాశాడు: "నా మాట విన్నందుకు చచ్చిపోయింది. ఇలాంటి కుక్కను ఎవరూ కోరుకోకండి."

ఆ ఫొటో చూసి ఏడవనివాళ్లు లేరు.

కొన్నాళ్లకు నీలవేణి రమ్మని కబురు చేసింది. సొంతబుద్ధిని సున్నాకి దించడం ఆపేశామని చెప్పడానికే అయ్యుంటుందని ఆశగా వెళ్లాడు. కేంద్రంలో కాలు పెట్టే సందు లేదు. జనం అతన్ని గుర్తుపట్టి, దారి ఇచ్చి, భుజం నిమిరారు.

"వీళ్లంతా ఎవరండీ?"

నీలవేణి తల దించుకుంది. "బెల్లం లాంటిదే కావాలని వచ్చారు. మీ ఫొటో చూసి."

"కింద రాసింది చదవలేదా?"

"చదివే వచ్చారు. కుక్కతోక వంకర తీశాం గానీ, మనిషి వంకర..." అంటూ ఆగిపోయింది. "నా వల్ల కావడం లేదు సుబోధ్ గారూ. మీరు చెబితే వింటారేమోనని పిలిచాను."

ముందు వరసలో హన్సిక గారని డెబ్బై దాటినావిడ. అప్పుడే ఆవిడకు కూర్పించిన పిల్లను తెచ్చారు. సుబోధ్ ఆవిడ ముందు కూర్చుని చేతులు పట్టుకున్నాడు. "అమ్మా, వద్దమ్మా. నా బెల్లం దీనివల్లే పోయింది."

"తెలుసు నాయనా, రెండు రోజులు అన్నం తినలేదు నేను," అందావిడ కళ్లొత్తుకుంటూ. "ప్రాణం పోతున్నా నీకోసం కూర్చుందే! మా ఇంట్లో నా మాట వినే ప్రాణి ఒక్కటి లేదు బాబూ. నన్ను కాదనకు."

పిల్లను చేతికిచ్చే ముందు యంత్రం నియమం ప్రకారం అడిగింది. "ఇది నా మాట వినకపోయి ఉంటే బాగుండేదని మీరు అనుకునే రోజు ఎప్పుడైనా వస్తుందా?"

హన్సిక గారు నవ్వారు. "అలాంటి రోజెందుకొస్తుందే పిచ్చిదానా?"

సుబోధ్ ఆనాడు అన్న మాటలవే, నవ్వు కూడా అదే.

పిల్లను నేల మీద దించారు. అది బెల్లం రంగులోనే ఉంది. ఆవిడ ముద్దుగా "ఉండు" అంది. పిల్ల కూర్చుంది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆవిడ ఆ సంబరంలో పక్కవాళ్లకు చెప్పుకుంటూ మురిసిపోతూ అటు తిరిగింది.

జనం కాళ్ల మధ్య ఆ పిల్ల ఒక్కతే కూర్చుని ఉంది. సుబోధ్ మోకాళ్ల మీద వంగి, దాని చెవి దగ్గరగా, "చాలు తల్లీ, చాలు" అన్నాడు.

అది కదల్లేదు. దానికి తెలిసిన గొంతు అది కాదు.