మధ్య కప్పులో గుండీలు

పొద్దున్నే వంటగది బల్ల మీద ఐదు టీ కప్పులు వరసగా పెట్టింది ఆడపడుచు చిన్ని. పక్కన కుట్టుమిషను సొరుగులోంచి తెచ్చిన గుప్పెడు గుండీలు.

"ఎడమ చివరిది 'అస్సలు ఒప్పుకోను'. కుడి చివరిది 'పూర్తిగా ఒప్పుకుంటాను'. మధ్యది 'చెప్పలేను'. నేనో మాట చదువుతాను, నీకు తోచిన కప్పులో గుండీ వెయ్యి వదినా. అంతే."

కాన్పు గురించి గర్భిణులు ఏమనుకుంటున్నారో కొలవడం ఆమె చదువులో భాగం. ఆసుపత్రిలో అడిగే ముందు, ఆ మాటలు అర్థమవుతున్నాయో లేదో ఇంట్లో చూసుకోవాలనుకుంది. ఏడో నెల వదిన ఇంట్లోనే ఉంది కదా.

"ప్రసవం సహజమైనది. శరీరం తన పని తాను చేసుకుంటుంది."

కోడలు స్టవ్ దగ్గరున్న అత్తగారి వీపు వైపు ఒకసారి చూసింది. గుండీ మధ్య కప్పులో వేసింది.

"డాక్టర్లు ముందుగానే కలగజేసుకోవడం మేలు."

మధ్య కప్పు.

"నొప్పులు నేను తట్టుకోగలను."

మళ్లీ మధ్య కప్పే.

"ఏంటి వదినా, అన్నింటికీ గోడ మీద పిల్లిలా!"

"నీతో ఇవి ఎవరు అడిగిస్తున్నారు చిన్నీ?"

"ఎవరు అడిగించడమేంటి? నా కాలేజీ పని."

"మొన్న అత్తయ్య డాక్టరమ్మకి ఫోన్ చేసి, 'నొప్పుల దాకా ఆగొద్దు, ఆపరేషన్ చేసెయ్యండి, కోడలికి చెప్పకండి' అన్నారు. అదీ నీ కాలేజీ పనేనా?"

కూర కలుపుతున్న గరిటె ఆగింది.

"నాకు వినపడలేదనుకున్నారు. ఇప్పుడు నా చేతే గుండీ వేయించి, తనే ఒప్పుకుందంటారు. అందుకేగా ఈ ఆట?"

"ఒట్టు వదినా, నాకేం తెలీదు. అమ్మా, నిజమేనా?"

అత్తగారు స్టవ్ ఆర్పి, చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది.

"ఆ మొదటిది మళ్లీ చదువు."

"నువ్వు లెక్కలోకి రావమ్మా."

"చదవమన్నానా!"

చిన్ని చదివింది. అత్తగారు ఎడమ చివరి కప్పులో గుండీ వేసింది.

"మీ అన్నయ్య కంటే ముందు ఒక పాప. నొప్పులప్పుడు అందరూ ఇదే మాట అన్నారు. కంగారెందుకు, శరీరం తన పని తాను చేసుకుంటుందని. నేనూ నమ్మాను. ఆగాను." కప్పులోని గుండీ వైపు చూస్తూ అంది, "పాప ఏడవలేదు."

చిన్ని చేతిలోని కాగితం బల్ల మీద పెట్టేసింది. "మాకెప్పుడూ చెప్పలేదేం?"

"ఎవరడిగారు?"

కోడలి గొంతులో కోపం ఇంకా ఉంది. కానీ మాట మెల్లగా వచ్చింది. "అది నాకు చెప్పాల్సింది అత్తయ్యా. డాక్టరమ్మకి కాదు."

"కడుపుతో ఉన్నదానివి, ఎలా చెప్పను? చెప్దామనే నీ గదికి వస్తాను. తిన్నావా అని అడిగి వెళ్లిపోతాను."

రోజుకి పదిసార్లు తిన్నావా అని అడిగే అత్తగారిని తను ఎంత విసుక్కుందో కోడలికి గుర్తొచ్చింది.

"కాన్పు తలచుకుంటే నాకు భయం," కాగితం తీసి నెమ్మదిగా చదివింది చిన్ని. అందులో చివరి మాట అదే.

కోడలు కుడి చివరి కప్పులో గుండీ వేసింది. వెనకే అత్తగారూ వేసింది.

"రేపు డాక్టరమ్మ దగ్గరికి మీరూ రండి. ఏం చేయాలో నేనే అడుగుతాను. మీరు మధ్యలో..."

"మాట్లాడను."

ఇద్దరికీ కళ్లు నిండాయి. అత్తగారు ముఖం తిప్పుకుని లేవబోయింది. "ఇంతకీ తిన్నావా?"

కోడలు ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"తర్వాత తింటాను. కూర్చోండి అత్తయ్యా. పాప ఎవరి పోలికో చెప్పండి."