నాలుగో జాతి తోక ముల్లు

"ఈ ముల్లు నువ్వు చెక్కిందేగా?"

ప్రొఫెసర్ ప్రశ్నకి సూదిబాబు చేతిలోని సూది ఆగిపోయింది. రాళ్లలో ఇరుక్కున్న శిలాజాల్ని సూదితో బయటికి తీయడమే మ్యూజియంలో అతని ఉద్యోగం. తొమ్మిదేళ్లలో ఒక్క కాలు, ఒక్క మీసం విరగ్గొట్టలేదు.

మైక్రోస్కోప్ కింద బొటనవేలంత ట్రైలోబైట్. కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పాకిన జీవి. దాని ప్రజాతిలో, అంటే దగ్గరి చుట్టాల గుంపులో, ఇప్పటిదాకా తెలిసినవి మూడే జాతులు. దేనికీ తోకలో ముల్లు లేదు. దీనికుంది. అందుకే ఇది నాలుగో జాతి అని రిసెర్చి అమ్మాయి పేపర్ రాసింది.

"ఆ పిల్లని మెప్పించాలని రాయినే ముల్లుగా చెక్కావు. ఆవిడొస్తే నువ్వు సూది తిరగేసి పట్టుకుంటావని ఇక్కడ ఎవరికి తెలీదు? పేపర్ ఆపేస్తున్నా."

సూదిబాబు చెవులు ఎర్రబడ్డాయి. సగం మాట నిజం మరి!

గుమ్మంలో ఆమె నిలబడి ఉంది.

"చెక్కారా?" అంది.

"మీరూ అడుగుతున్నారా మేడమ్?"

"అడక్కపోతే నేనేం సైంటిస్టుని? లేదనండి, చాలు."

"లేదు."

"అయితే రుజువు చేద్దాం."

ఆమె సొరుగులోంచి మరో రాయి తీసింది. అదే చోట దొరికింది, ఎవరూ ముట్టుకోనిది. అదే రకం జీవి తల మాత్రమే పైకి కనిపిస్తోంది. తోక ఇంకా రాయి లోపలే ఉంది.

"కానివ్వండి," అంటూ రాయి అతని ముందుకు తోసింది.

అతను చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. "నా చెయ్యి పడితే మళ్లీ అదే మాటంటారు. మీరే తీయండి. నేను చెప్తా."

"నేనా? విరిగిపోతే?"

"విరిగితే నా పరువు కూడా దాంతోపాటే పోతుంది. కూర్చోండి."

ప్రొఫెసర్ కుర్చీ లాక్కుని కాపలా కూర్చున్నాడు.

"ఊపిరి వదులుతూ గుచ్చండి. అంత గట్టిగా కాదు... అది రాయి మేడమ్, మీ శత్రువు కాదు."

"కొంచెం నోరు మూసుకుంటారా!"

"మూసుకుంటే ఎలా చెప్పను?"

రెండు గంటలు. ఆమె నుదుటి మీద చెమట జారుతోంటే తుడవాలని అతని వేళ్లు గిలగిల్లాడాయి. వెనకే బిగించుకున్నాడు.

"రంగు మారింది!"

"ఆగండి. ఇక బ్రష్షే."

దుమ్ము పక్కకి తప్పుకుంది. తోక చివర నల్లగా, నిగనిగలాడుతూ ముల్లు!

ప్రొఫెసర్ చాలాసేపు మైక్రోస్కోప్‌లోకి చూశాడు. తర్వాత లేచి నిలబడ్డాడు. "పొరపాటు నాదే. క్షమించు," అన్నాడు సూదిబాబుతో. పేపర్ మీద సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

సూదిబాబు ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"కొత్త జాతికి మీ పేరు పెడుతున్నా," అంది ఆమె.

"వద్దు మేడమ్. మీరు కనిపెట్టింది, మీ పేరే పెట్టుకోండి."

"సొంత పేరు పెట్టుకోవడం మా సైంటిస్టుల్లో మర్యాద కాదు. ఒకసారి అచ్చయిందంటే ఇక మార్చడానికీ లేదు. ఆలోచించే పెడుతున్నా."

"జనం ఏమనుకుంటారు? ప్రేమించింది గనకే పెట్టిందంటారు!"

"అననివ్వండి. ఈ ఆరోపణ నిజమే కదా."

సూదిబాబు బల్ల మీది సూది తీసి తిరగేసి పట్టుకున్నాడు. "మరి మా అమ్మకి ఎవరు చెప్తారు?"

"నేనే చెప్తా. రెండు రాళ్లూ పట్టుకోండి, అత్తయ్యగారికి కొడుకు పనితనం చూపించాలి. పదండి."