టర్బో చల్లారకముందే

ముత్యాలరావు శవం మడచెట్ల మధ్య దొరికింది. తల వెనక దెబ్బ. అతను నడిపే టర్బో బోటు మాత్రం రేవులోనే ఉంది.

రేపల్లె నుంచి ఎస్సై మాధవీలత వచ్చింది.

రాత్రి రెండున్నరకు ఆ బోటు వచ్చి ఆగిన శబ్దం కాపలా పేరయ్య విన్నాడు. మనిషిని చూడలేదు. పక్కబోటు తప్ప మిగతావన్నీ చేపల వేటలో ఉన్నాయి. పేరయ్య కాక రేవులో ఉన్నది ఇద్దరే. ఒకడు ముత్యాలరావు తమ్ముడు బాబి. అదే బోటులో పని. సాయంత్రమే అన్నతో కొట్లాడాడు. రెండోవాడు ఆ పక్కబోటు డ్రైవర్ కోటిబాబు.

జనం బాబినే వేలెత్తి చూపారు.

"చిన్నోణ్ణి తీసుకుపోతారా తల్లీ?" తల్లి వెంకటసుబ్బులు జీపుకు అడ్డం నిలబడింది. "పెద్దోడు పోయాడు. వీణ్ణి జైల్లో ఏం చేస్తారో! కూడైనా పెడతారో లేదో!"

"ఇంకా ఎవర్నీ అరెస్ట్ చేయలేదమ్మా."

ఎస్సై ఆ బోటు ఇంజన్ చూసే మెకానిక్ కిషోర్‌ను తెనాలి నుంచి రప్పించి, ఇంజన్‌కి గాలి తోసే టర్బో విప్పించింది. లోపలి ఇరుసు బిగుసుకుపోయింది. ఆయిల్ మాడి నల్లగా పెంకు కట్టింది.

"నిన్న ఎలా ఉంది?" ఎస్సై అడిగింది.

"బాగానే ఉందండి. వచ్చి నేనే చూశాను," అన్నాడు కిషోర్.

బాపట్ల నుంచి పోస్ట్‌మార్టం రిపోర్టు రాగానే అందర్నీ రేవుకు పిలిచింది. దెబ్బ తగిలి చనిపోయాకే నీళ్ళలో పడ్డాడని అందులో ఉంది.

"బాబీ, వేట నుంచి వచ్చాక ఇంజన్ ఎలా ఆపుతావు?"

"కాసేపు స్లోలో వదిలేస్తామండి. టర్బో ఎర్రగా కాగి ఉంటది కదా. చల్లారకుండా ఆపితే అన్న చెవి మెలేసేవాడు."

"నువ్వో, కోటిబాబూ?"

"రేవు తగలంగానే ఆపేస్తానండి. అదంతా టర్బో వాళ్ళ సోకు!"

"అవును. నీ ఇంజన్‌కి గాలి తోసేది బ్లోయరు. బెల్టుతో తిరుగుద్ది, ఇంజన్‌తోపాటే ఆగుద్ది. ఎప్పుడాపినా ఫర్వాలేదు. టర్బోని తిప్పేది మండే పొగ. ఠక్కున ఆపితే ఆయిల్ పారడం ఆగి, ఆ వేడికి అక్కడే మాడిపోద్ది. శవాన్ని పడేసి ఫుల్ స్పీడులో వచ్చావు. చేతి అలవాటు కొద్దీ ఆపేశావు. బాబి కల్లో కూడా అలా ఆపడు."

కోటిబాబు వెంకటసుబ్బులు వైపు తిరిగాడు.

"పోయిన తుఫాన్లో మా పాత బోటు మునిగింది, అత్తా. నీళ్ళలోంచి నా తమ్ముడు చెయ్యెత్తి అరిచాడు. నీ కొడుకు టర్బో ఎగేసుకుని పక్కనుంచే పోయాడు. తిరిగైనా చూళ్ళేదు. చంపా. మళ్ళీ పుట్టినా చంపుతా!"

బేడీలు పడ్డాయి. బాబి ఏడవలేదు. కోటిబాబు మీదినుంచి చూపు తిప్పలేదు.

"ఎన్నేళ్ళు పడుద్ది మేడం?" నెమ్మదిగా అడిగాడు. "ఎప్పుడొదుల్తారు?"

వెంకటసుబ్బులు కొడుకు చేతిని రెండు చేతులా పట్టుకుంది.

"చెప్పమాకు తల్లీ," అంది ఎస్సైతో. "వీడికి చెప్పమాకు."