పాల చారల పచ్చిగిన్నె

మిట్టమధ్యాహ్నం... అయినా గాఢాంధకారం!

బర్స్లెం ఊరి కుమ్మరి బట్టీలన్నీ ఒక్కసారిగా నల్లటి పొగ కక్కుతుంటే, సూర్యబింబం నెత్తుటిముద్దలా వేలాడుతోంది. ఎక్కడో గుడ్లగూబ పట్టపగలే కూసింది. ఆకాశం ఫెళఫెళమంది...

జేబెజ్ మేస్త్రీ బట్టీలోకి కెజియా దొంగలా దూరింది. బయట గడ్డిమోపు మీద ఆమె పసికూన టామర్... రెండు రోజులుగా రొమ్ము పట్టలేదు. పెదవులు బీటలు వారాయి. ఏడ్చినా కన్నీటిచుక్క రావడం లేదు!

దీవెన పెడతానంటూ పాప జుట్టు కత్తిరించుకుపోయాడు మేస్త్రీ. ఎరుపు, తెలుపు మట్టులు కలిపి పిసికి, చలువరాతి చారలు తేలే గిన్నె చేశాడు. దాని పైపొర గీకే పని అతని దగ్గర కూలి చేసే కెజియాదే. గీకుతుంటే తెల్లచారలోంచి పాప బంగారు వెంట్రుక పైకి లేచింది! ఆ గిన్నె ఆరేకొద్దీ పాప ఎండిపోతోంది. పచ్చిమట్టి గనక నీళ్లలో కరుగుతుంది. కాలిందా... ప్రళయమొచ్చినా కరగదు!

గిన్నె చేతికందింది. అంతలో వెనక దబ్... దబ్... మేస్త్రీ ద్వారానికి ఇటుకలు పేరుస్తున్నాడు!

"దొరికావే ఎలుకపిల్లా!"

"మేస్త్రీ, నీ కాళ్లు పట్టుకుంటా! చంటిపిల్లయ్యా!"

"ఎర్రచార నా నెత్తురు. తెల్లచార కపాలభస్మం, నీ పిల్ల ప్రాణం. గిన్నె కాలిందంటే దాని నూరేళ్లూ నావే!"

"పగలగొడతా!"

"కొట్టు! పెంకు పెంకుకీ నీ కూతురి గొంతు తెగుతుంది. నీళ్లలో కలపాలే పిచ్చిదానా... లోపల చుక్కయినా ఉందా? హహ్హహ్హా!"

ఇటుకలు నడుం దాటాయి... గొంతు దాటాయి... ఒక్క ఇటుకంత వెలుగు మిగిలింది. క్షుద్రమంత్రం హోరెత్తింది. గిన్నెలోని చారలు పాముల్లా మెలితిరిగాయి! ఎటు తడిమినా గోడే. పిడికిళ్లు చిట్లాయి... కెజియా కూలబడింది.

అప్పుడు బయటినుంచి టామర్ సన్నగా ఏడ్చింది.

అంతే! రెండు రోజులుగా గడ్డకట్టిన కెజియా రొమ్ములు ఒక్కసారిగా చేపుకొచ్చాయి. రవిక తడిసిపోయింది. ఆ తడిని చూసిన మరుక్షణం గిన్నె ఒడిలోకి లాక్కుని పాలు పిండింది!

తెల్లచార మెత్తబడింది. ఎర్రచార జారింది. గిన్నె బురదయి ఒళ్లో కుంగిపోయింది.

"ఆ...! నీళ్లెక్కడివే నీకు?!"

ఆఖరి ఇటుక పట్టుకున్న మేస్త్రీ చెయ్యి మణికట్టు దాకా ముద్దయి జారింది. ముఖం జారింది. అరుపు కూడా మట్టిలో కూరుకుపోయింది...

గోడకు మెత్తిన మట్టి ఇంకా ఆరలేదు. కెజియా భుజంతో మోదింది. ఒకసారి... రెండుసార్లు... ఇటుకలు దభాలున కూలాయి. ఎర్రబురద తొక్కుకుంటూ గడ్డిమోపు దగ్గరికి పరుగెత్తింది.

టామర్ గుక్కపెట్టి ఏడుస్తోంది. చెంపల మీద ధారలుగా కన్నీళ్లు!

బిడ్డ కన్నీళ్లు చూసి అంతగా నవ్విన తల్లి ఆ ఊళ్లో మరొకరు లేరు.