రుమియాతికి ఏమీ అనిపించని ఏడాది

తెల్లవారేసరికి రుమియాతి పెరట్లో పొయ్యి అంటించింది. పచ్చి పసుపు దుంపలు దంచి, చింతపండు పిసికి, తాటిబెల్లం కరిగించి, గుడ్డలో వడకట్టి సీసాల్లో నింపింది. ఇరవై ఆరేళ్ళుగా సుకొహార్జో ఊరి సందుల్లో వీపున బుట్ట కట్టుకుని ఆమె అమ్మేది ఈ కషాయాలే. నెలసరి నొప్పికొకటి, బాలింతకొకటి, ఒంటి నలతకొకటి. ఆడపిల్ల గుమ్మంలోకి రాగానే ముఖం చూసి, ఏ సీసా మూత తియ్యాలో చెప్పగలిగేది.

తన సంగతి మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు. ఆమెకిప్పుడు యాభై రెండేళ్ళు. నెలసరి ఆగిపోయి పదిహేను నెలలైంది. పీడ వదిలిందనుకుంది మొదట్లో. తర్వాత ఒక్కొక్కటే మొదలయ్యాయి. ఉన్నట్టుండి గుండెల్లోంచి సెగ లేచి మెడ మీదుగా నెత్తికెక్కేది. రవిక తడిసి ఒంటికంటుకుపోయేది. నిద్ర కరువైంది. పొద్దున లేచేసరికి వేళ్ళ కణుపులు కొయ్యబారి ఉండేవి. ఇవన్నీ ఒక ఎత్తు. మనసుకి తిమ్మిరెక్కడం ఇంకో ఎత్తు. ఇరుగమ్మ మనవడు పుట్టాడన్నా, పొరుగాయన పోయాడన్నా ఆమెకి ఒకేలా వినపడేది. "అలాగా" అనేది. అంతే.

ఆ పొద్దున అత్తగారు తుకినెమ్ అరుగు మీద కూర్చుని వేరుశనగలు ఒలుస్తోంది. భర్త పర్జోనో ఇంటి ముందున్న సైకిల్ షాపు తలుపులు తీస్తున్నాడు. కూతురు సెకార్ ఫోను చేత్తో పట్టుకుని, జుట్టు విరబోసుకుని పెరట్లోకి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అమ్మా, హందోకో ఫోన్ చేశాడు."

"టిఫిన్ తిన్నావా?"

"ముందు నేను చెప్పేది విను. వాళ్ళమ్మ బాధపడుతోందట. 'పిల్ల తల్లికి ఇష్టం లేని సంబంధం మనకెందుకురా' అంటోందట."

అంతకుముందు ఆదివారం మగపెళ్ళివారు తాంబూలాలు పుచ్చుకోవడానికొచ్చారు. పన్నెండుమంది. సెకార్ ఆకుపచ్చ పట్టు రవికలో మెరిసిపోతూ ఉంది. పెద్దలు మాట్లాడుకుంటున్నారు. హందోకో ఉంగరం తొడిగే సమయానికి రుమియాతి లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. వెతుక్కుంటూ వచ్చిన ఆడవాళ్ళకి, తొట్టి దగ్గర నిలబడి జుట్టు ముడి మీద నీళ్ళు పోసుకుంటూ కనిపించింది. తిరిగొచ్చి తడి జుట్టుతోనే కూర్చుంది. నవ్వలేదు, ఏడవలేదు. పెళ్ళికొడుకు దణ్ణంగా వంగి ఆమె చెయ్యందుకుని నుదుటికి ఆనించుకుంటే, పోస్టుమ్యాన్‌కి సంతకం చేసినట్టు ఇచ్చి ఊరుకుంది.

"హందోకో నీకు నచ్చలేదా? నచ్చకపోతే నా ముఖాన చెప్పు" అంది సెకార్.

"నచ్చాడు. మంచి పిల్లాడు."

"పులుసులో ఉప్పు తక్కువైందని చెప్పేటప్పుడు కూడా ఇదే గొంతమ్మా నీది! కన్నకూతురి పెళ్ళి మాట ఇది. కాస్తయినా..."

అరుపులు విని పర్జోనో లోపలికొచ్చాడు. చేతులు గ్రీజుతో నల్లగా ఉన్నాయి. సాధారణంగా మాట పడి ఊరుకునే మనిషే, ఆ రోజు మాత్రం ఊరుకోలేదు.

"దాన్నేనా? నన్నూ అలాగే చూస్తోంది. ఏడాదిగా ముందుగదిలో చాపేసుకుని పడుకుంటున్నాను. ఎందుకని ఒక్కసారి అడిగావా రుమీ? చెయ్యి వేస్తే ముడుచుకుపోతావు. మాట్లాడితే గోడకి చెప్పినట్టుంటుంది. మనిషివా, రాయివా నువ్వు?"

"రాయినే అనుకుంటా" అంది రుమియాతి సీసాకి మూత బిగిస్తూ.

కోపంతో అన్నా బాగుండేది. లెక్క అప్పజెప్పినట్టు అంది. పర్జోనో మసి గుడ్డతో చేతులు తుడుచుకోసాగాడు. సెకార్ గోడకి తిరిగి ఏడుస్తోంది.

అప్పటిదాకా నోరు మెదపని తుకినెమ్ ఒళ్ళోని చేట పక్కన పెట్టింది. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి, చూపు మందగించింది కానీ ఇంట్లో ఎవరి అడుగు ఎటు పడుతుందో చెవితోనే పట్టేస్తుంది.

"నువ్వు కాసేపు ఊరుకోరా" అంది కొడుకుతో. "అమ్మాయ్, ఇటు రా. పదిహేను నెలలుగా ఒక్క పూట నమాజు తప్పలేదు నువ్వు. నా పక్కనే చాప వేసుకునేదానివి. ఆదివారం నుంచి రావట్లేదు. ముట్టు మళ్ళీ కనిపించిందా?"

రుమియాతి తలూపింది.

"ఎన్నాళ్ళైంది?"

"ఆదివారం పొద్దున్నుంచి. తగ్గిపోతుందిలెండి."

పర్జోనో చెవులు ఎర్రబడ్డాయి. బయటికి పోబోయాడు.

"ఎక్కడికి? నిలబడు" అంది తల్లి. "నలభై ఏళ్ళు కాపురం చేసినా మీ నాన్నకీ ఈ మాటలు వినపడేవి కావు. మా చెల్లెలు పోనియెమ్‌కి ఇలాగే ఆగిపోయి, రెండేళ్ళకి మళ్ళీ వచ్చింది. అక్కాచెల్లెళ్ళం అందరం నవ్వుకున్నాం. 'దీనికి వయసు తిరిగొచ్చింది, మొగుడు జాగ్రత్త' అని ఆటపట్టించాం. అదీ నవ్వింది. తర్వాతి రంజానుకి అది లేదు." ముసలామె చేటని ఇంకొంచెం దూరంగా జరిపింది. "చూపించుకోమని మాలో ఒక్కత్తీ అనలేదు. నవ్వాం, అంతే."

సెకార్ ఏడుపు ఆగిపోయింది. పర్జోనో గబగబా సబ్బుతో చేతులు రుద్దుకుని, షాపు తలుపులు మూసి, మోటార్ సైకిల్ బయటికి తీశాడు.

"ఎక్కు" అన్నాడు.

"అమ్మకానికి టైమవుతోంది."

"ఎక్కు రుమీ."

ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది, కానీ అన్నీ ఓపికగా అడిగింది. రుమియాతి అన్నిటికీ నిజమే చెప్పింది. దాచడానికైనా ఏదో ఒకటి అనిపించాలి కదా. జిల్లా ఆసుపత్రికి పంపారు. గర్భసంచిలో చిన్న కండ పెరిగిందన్నారు. దాన్ని తీసి, ముక్క పరీక్షకి పంపారు. ఫలితానికి పది రోజులు పడుతుందన్నారు.

"నెలసరి ఏడాదిపాటు ఆగిపోయాక ఒక్క చుక్క కనబడినా రావాల్సిందే. చాలాసార్లు ఏమీ ఉండదు. ఉంటే మాత్రం ఆలస్యం చెయ్యకూడదు" అంది అక్కడి డాక్టరమ్మ. పర్జోనో వైపు తిరిగింది. "ఒంట్లో ఇన్నాళ్ళూ ఊరిన ఒక రసం ఊరడం తగ్గిపోతుందండీ. ఆ సెగలు, నిద్ర లేకపోవడం, కీళ్ళు పట్టెయ్యడం దానివల్లే కావచ్చు. ఎముకలూ గుల్లబారతాయి. కొందరికి మనసు కూడా ఇలా మొద్దుబారుతుంది. ఇది పొగరు కాదు, పిచ్చి కాదు. మందులున్నాయి, ఏది సరిపడుతుందో ఫలితం వచ్చాక చూద్దాం."

పర్జోనో గొంతు సవరించుకున్నాడు. "అయితే... నా మీద కోపం కాదంటారా?"

"దానికి మా దగ్గర పరీక్ష లేదండీ, మీరే అడగాలి" అంది ఆమె.

ఆ సాయంత్రమే సెకార్ ఎవరికీ చెప్పకుండా హందోకో ఇంటికి వెళ్ళింది. వాళ్ళమ్మ సుమర్సిహ్ ముందు కూర్చుని, సిగ్గు వదిలేసి, ఉన్నదున్నట్టు చెప్పింది. ఆవిడ అంతా విని విసనకర్ర అందుకుంది.

"ఇంతేనా! ఆ రోజు నాకూ ఒళ్ళు భగభగమంది. మీ అమ్మ లేచి వెళ్తే ఎంత ధైర్యమో అనిపించింది, ఆ కుళ్ళుతోనే కోపమొచ్చింది" అందట. "మీ అమ్మకి చెప్పు, ఈసారి ఇద్దరం కలిసే తొట్టి దగ్గరికి వెళ్దామని."

పది రోజులకి ఫలితం వచ్చింది. భయపడాల్సింది ఏమీ లేదు. తుకినెమ్ గడప మీదే కూలబడి చెల్లెలి పేరు తలుచుకుని ఏడ్చింది. పర్జోనో వీధిలో కనిపించిన ప్రతివాడికీ అరటికాయ బజ్జీలు పంచాడు. రుమియాతి "మంచిదే" అని, గిన్నెలు తోముకోవడానికి వెళ్ళింది.

తలంటు పోసుకున్న ఒక మధ్యాహ్నం సెకార్ ఆమె వెనక కూర్చుని చిక్కు తీస్తోంది. జుట్టు పలచబడింది. దువ్వెన నెమ్మదిగా నడుస్తోంది.

"అమ్మా, ఒకటి అడుగుతా. ఆ రోజు నన్ను చూస్తే నీకేమనిపించింది?"

రుమియాతి ఒళ్ళో రాలిన వెంట్రుకలు ఏరి చుట్ట చుట్టింది.

"ఏమీ అనిపించలేదే" అంది చివరికి. "నువ్వు ఆ రవికలో గదిలోంచి బయటికి వచ్చావు. ఇప్పుడు ఏడుపొస్తుంది, ఇప్పుడొస్తుంది అని కాచుక్కూర్చున్నాను. రాలేదు. నా పిల్ల మీద నాకు ప్రేమ అయిపోయిందా అనుకున్నాను. బుట్టలో సరుకు అయిపోయినట్టు. నీళ్ళు పోసుకోడానికి వెళ్ళింది సెగకి కాదు తల్లీ. నువ్వు నా ముఖం చూడకూడదని."

దువ్వెన ఆగిపోయింది.

"ఇన్నాళ్ళూ ఈ మాట ఒక్కదానివే మోశావా?"

"ఎలా చెప్పను? ఏ తల్లైనా చెప్పే మాటేనా అది?"

సెకార్ రెండు చేతులూ ఆమె మెడ చుట్టూ వేసి, తడి జుట్టులో ముఖం దాచుకుంది. "శనివారమంతా నిలువుకాళ్ళ మీద ఇరవైమందికి వండావు. ఆ రవిక చంక దగ్గర బిగుతుగా ఉందని నేను గొణిగితే, కుట్టు విప్పి మళ్ళీ కుట్టావు. కొయ్యబారిన వేళ్ళతో. నాకేం తెలుసు, నీకు హందోకో నచ్చలేదనుకుని దెబ్బలాడాను. ఏమీ అనిపించకుండానే అంత చేశావా అమ్మా?"

రుమియాతి తన చేతుల వైపు చూసుకుంది. చూపుడువేలి మీద సూది గుచ్చుకున్న మచ్చ ఇంకా పోలేదు. ముక్కు చివర సన్నగా మండింది. సెగేమో అనుకుంది. కాదు. కంట్లోంచి ఒక బొట్టు జారి కూతురి మణికట్టు మీద పడింది, వెంటనే మరొకటి.

"అమ్మా, ఏడుస్తున్నావా?" సెకార్ ఉలిక్కిపడి ముందుకి వంగింది.

"అవుననుకుంటా" అంది రుమియాతి ఆశ్చర్యంగా. "ఉండవే. తుడవకు."